దాగ్‌కు దినంతో చుట్టరికం లేదు

కొంతకాలంగా వాట్సాప్ బృందాల్లోనూ ఫేస్‌బుక్‌లోనూ ఒక వాదన చేతులు మారుతూ తిరుగుతున్నది. దాని సారాంశం ఇది. ఇంగ్లీషు వారి డే, స్వీడన్ వారి దాగ్, లాటిన్ దియెస్ అన్న మూడు మాటలూ మన ‘దినం’ అరిగిపోయి ఏర్పడిన రూపాలేనట. సంస్కృతం ఐరోపా భాషలన్నిటికీ తల్లి కనుక ఇందులో వింతేమీ లేదట. ఐక్యరాజ్యసమితికి 1953 నుంచి 1961 దాకా ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన దాగ్ హామర్‌షోల్డ్ పేరులోని దాగ్ మన దినకరుడేనట. డెన్మార్క్ ఆడవారి పేరు దాగ్మార్ మన దినమణి అట. చివరికి స్కాండినేవియా అన్న పేరు కూడా స్కందుడిదేనట.

ఇది పంచుకుంటున్నవారిలో చాలామంది సంస్కృతం మీద గౌరవంతోనే పంచుకుంటున్నారని నాకు తెలుసు. ఆ గౌరవం నాకూ ఉంది. సంస్కృత ధాతువుల్ని, పాణిని సూత్రాల్ని శ్రద్ధగా చదివినవారు ఈ వాదనను ఒప్పుకోలేరు కాబట్టే దీన్ని ఒక్కొక్క అంశంగా పరిశీలించవలసి వస్తున్నది.

ముందుగా దినం, డే అన్న మాటల సంగతి. రెండిటికీ అర్థం ఒకటే, రెండూ దాదాపు ఒకే హల్లుతో మొదలవుతాయి, కనుక ఒకటి రెండోదాని నుంచి పుట్టిందంటే వినడానికి సబబుగానే ఉంటుంది. కాని మాటల చుట్టరికాన్ని పైపోలిక చూసి నిర్ణయించరు. ఒక భాషలోని ధ్వనికి మరొక భాషలో ఏ ధ్వని క్రమం తప్పకుండా ఎదురవుతున్నదో పదుల కొద్దీ మాటల్లో సరిచూసి నిర్ణయిస్తారు. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. హిందూపురంలోనో బళ్ళారిలోనో పెరిగినవారిని అడిగితే మన పాలు కన్నడంలో హాలు అని, పులి హులి అని, పువ్వు హూవు అని, పది హత్తు అని, పగలు హగలు అని తడుముకోకుండా చెబుతారు. మాట మొదట్లో మనకు పకారం ఉన్నచోట నేటి కన్నడానికి హకారం ఉంటుందన్నది వారు ఏ వ్యాకరణమూ చదవకుండానే గ్రహించిన సూత్రం. అటువంటి సూత్రాలే సంస్కృతానికీ, జర్మానిక్ కుటుంబానికి చెందిన ఇంగ్లీషు, స్వీడిష్, జర్మన్, గోథిక్ వంటి భాషలకూ మధ్య ఉన్నాయి. వాటిని మొదట గమనించినవారిలో డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ ఒకరు. ఆయన గ్రంథం 1818లో వెలువడింది. తరువాత 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ వాటిని క్రమబద్ధంగా నిరూపించడంతో గ్రిమ్ సూత్రమన్న పేరు స్థిరపడింది.

ఆ సూత్రంలో మనకు ఇక్కడ కావలసిన భాగం చాలా చిన్నది. సంస్కృతంలో పూర్వం నుంచీ అల్పప్రాణ, అంటే ఒత్తు లేని దకారం ఉన్నచోట జర్మానిక్ భాషల్లో తకారం ఉంటుంది. మన ద్వయంలోని ద్వి ఇంగ్లీషులో టూ, స్వీడిష్‌లో త్వో. మన దశ ఇంగ్లీషులో టెన్, స్వీడిష్‌లో తీయు. మన దంతం ఇంగ్లీషులో టూత్, స్వీడిష్‌లో తాండ్. తినడమన్న అర్థంలోని అద్ ధాతువు ఇంగ్లీషులో ఈట్. పాదం ఇంగ్లీషులో ఫుట్ అయినప్పుడు పకారం ఫకారమైంది, దకారం తకారమైంది. ఇన్ని మాటల్లో దకారం తకారంగా మారగా దినం ఒక్కటే ఆ మార్పు తగలకుండా డే అయి కూర్చున్నదని చెప్పాలంటే దానికి ప్రత్యేకమైన కారణం చూపాలి. ఆ వాదన చేసేవారెవరూ అటువంటి కారణం చూపలేదు.

మరి ఇంగ్లీషులోనూ స్వీడిష్‌లోనూ కనిపించే దకారం సంస్కృతంలో దేనికి సమానం? మన మహాప్రాణ, అంటే ఒత్తు గల ధకారానికి. మధువు ఇంగ్లీషులో మీడ్, స్వీడిష్‌లో మ్యోద్. అది తేనెతో కాచే మద్యం పేరు. బంధంలోని బంధ్ ధాతువు బైండ్. విధవ ఇంగ్లీషులో విడో. రుధిరం రెడ్ అన్న రంగు మాటకు బంధువు. భారతంలోని ధృష్టద్యుమ్నుడి పేరులో మొదటి సగమైన ధృష్ట, అంటే తెగువ గలవాడు, ఇంగ్లీషు డేర్‌కు బంధువు. కనుక డే, దాగ్ అన్న మాటలకు సంస్కృతంలో జతను వెతకదలచినవారు ధకారం వైపు చూడాలి గాని దకారం వైపు కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. జర్మన్ భాషలో రోజును టాగ్ అంటారు గదా, అందులో తకారం ఉంది గదా, అది దినమే అయి ఉండవచ్చు గదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే ఇది. జర్మన్‌లో గ్రిమ్ సూత్రం తరువాత ఇంకొక విడత మార్పు జరిగింది. తక్కిన జర్మానిక్ భాషల్లో దకారం ఉన్నచోట జర్మన్‌లో తకారం వచ్చింది, వాటిలో తకారం ఉన్నచోట జర్మన్‌లో త్స అన్న ధ్వని వచ్చింది. ఇంగ్లీషు టూ, టెన్, టూత్ జర్మన్‌లో త్స్వై, త్సేన్, త్సాన్. ఇంగ్లీషు డే, డోర్, డాటర్ జర్మన్‌లో టాగ్, ట్యూర్, టోఖ్టర్. కాబట్టి టాగ్ అన్న రూపం దినం వైపు కాదు, మళ్ళీ ధకారం వైపే వేలు చూపిస్తుంది.

దకారమొక్కటే కాదు, తక్కిన హల్లులు కూడా కుదరవు. దినంలో నకారం ఉంది, దాగ్‌లో లేదు. దాగ్‌లో గకారం ఉంది, దినంలో లేదు. ఇంగ్లీషు డేలో గకారం వినిపించకపోవడానికి కారణం అది తరువాతి కాలంలో యకారంగా కరిగిపోవడమే. పాత ఇంగ్లీషులో ఆ మాట చివర గకారానికి వాడే అక్షరమే రాసేవారు. ఒక నకారాన్ని పోగొట్టి, లేని గకారాన్ని తెచ్చిపెట్టి, మారవలసిన దకారాన్ని మారకుండా ఆపితే తప్ప దినం దాగ్ కాదు. మూడు హల్లుల్లో ఒక్కటీ కుదరనప్పుడు చుట్టరికం ఎక్కడ ఉన్నట్టు?

ఇంతకూ దినానికి జర్మానిక్ భాషల్లో నిజమైన బంధువు అసలే లేదా అంటే, ఉంది. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించే సాక్ష్యం గోథిక్ భాషలో ఉంది. గోథిక్ ఇప్పుడు ఎవరూ మాట్లాడని పాత జర్మానిక్ భాష. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిలును గ్రీకు నుంచి ఆ భాషలోకి అనువదించాడు. దాని ప్రతుల్లో ప్రసిద్ధమైనది ఆరో శతాబ్దపు తొలినాళ్ళలో ఇటలీలో ఊదారంగు వేసిన తోలు పత్రాల మీద వెండి అక్షరాలతో, అక్కడక్కడ బంగారు అక్షరాలతో రాసిన ప్రతి. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో ఒక వాక్యం అందులో ఇలా ఉంటుంది: ‘హ్లైఫ్ ఉన్‌సరన థన సిన్‌తీనన్ గిఫ్ ఉన్స్ హిమ్మ దగ’. తెలుగు బైబిలులో ఇదే వాక్యం ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని ఉంటుందని తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో ‘అనుదిన’ అన్న మాట ఉన్నచోట గోథిక్‌లో ‘సిన్‌తీనన్’ ఉంది. సిన్ అంటే ఎల్లప్పుడూ అని. తీన్ అన్న భాగం మన దినానికి బంధువు. దకారం తకారంగా మారింది, నకారం నకారంగానే నిలిచింది, ఏ ధ్వనీ తప్పలేదు. తెలుగులో ‘నేడు’ అన్నచోట గోథిక్‌లో ‘హిమ్మ దగ’ ఉంది, అంటే ఈ పగలు, ఈ రోజున అని. దినం బంధువూ, దాగ్ పూర్వరూపమూ ఒకే వాక్యంలో మూడు మాటల ఎడంలో వేరు వేరు మాటలుగా నిలబడి ఉన్నాయి. ఒక మాటే రెండు విధాలుగా మారి ఒకే భాషలో, ఒకే వాక్యంలో ఇలా ఉండదు. దినం తకారంతో ఒక దారిలో వచ్చింది, దాగ్ దకారంతో మరొక దారిలో వచ్చింది.

ఇంగ్లీషులో కూడా దినం బంధువు ఆనవాలు ఒకటి ఉన్నదని పండితులు చెబుతారు. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసముండే రోజులకు లెంట్ అని పేరు. ఆ మాటకు పాత అర్థం వసంతకాలం. పాత ఇంగ్లీషులో అది లెంక్టెన్. పొడుగైన పగళ్ళ కాలమన్నది దాని లోపలి అర్థం. మొదటి భాగం లాంగ్, రెండో భాగంలోని టెన్ మన దినానికి సాటి. ఇక్కడ కూడా ఎదురైనది తకారమే.

రెండో అంశం లాటిన్ దియెస్. దీనికి సమాధానం చిన్నదే. లాటిన్‌లో పాత దకారం దకారంగానే ఉండిపోయింది. దశకు దెకెం, దంతానికి దెంతెం అన్న రూపాలే అందుకు సాక్షులు. కనుక దియెస్‌కూ మన దివ, దివసం, దినం అన్న మాటలకూ చుట్టరికం నిజమే, ఆ వాదనలో ఈ ఒక్క భాగం సరైనదే. రష్యన్‌లో రోజును దెన్య్ అనడం, లిథువేనియన్‌లో దియెనా అనడం దినానికి ఇంకా దగ్గరి చుట్టరికాలు. తప్పల్లా దియెస్‌ను తెచ్చి డే పక్కన కూర్చోబెట్టడంలో ఉంది. ఇది మనవాళ్ళు మాత్రమే చేస్తున్న పొరపాటు కాదు, దియెస్, డే ఒకటేనని నమ్మేవారు ఐరోపాలోనూ ఉన్నారు. ఒకే అర్థం, ఒకే పోలిక ఉండి కూడా సంబంధం లేని మాటలు లోకంలో ఎన్నో ఉన్నాయి. తెలంగాణలో మనిషిని బద్నాం చేయడమంటారు. ఆ మాటలో ఉన్న ఫారసీ బద్‌కు చెడు అని అర్థం, ఇంగ్లీషు బ్యాడ్‌కూ చెడు అనే అర్థం. అయినా ఈ రెండిటికీ ఏ సంబంధమూ లేదు.

దివ, దినం, దేవ అన్న మాటలు చేరిన దివ్ కుటుంబం స్కాండినేవియాలో ఎక్కడ ఉన్నదో చూడాలనుకొంటే వారి వారాల పేర్లు చాలు. మంగళవారాన్ని స్వీడన్‌వారు తీస్‌దాగ్ అంటారు, ఇంగ్లీషువారు ట్యూస్‌డే అంటారు. మొదటి సగం తీర్ అన్న పాత దేవుడి పేరు. అది మన ‘దేవ’ శబ్దానికి ధ్వనిలో సరిగ్గా ఎదురయ్యే మాట, దకారం తకారమైంది. రెండో సగమే దాగ్. అంటే ఆ ఒక్క మాటలోనే దివ్ కుటుంబం తకారంతోనూ, రోజు అన్న మాట దకారంతోనూ విడివిడిగా కనిపిస్తున్నాయి.

దినం కాకపోతే దాగ్ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మిగులుతుంది. జర్మానిక్ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పూర్వరూపాన్ని పండితులు దగజ్ అని పునర్నిర్మించారు. దాని వెనుక ఉన్నది కాలడమన్న అర్థం గల ధాతువని చాలామంది చెప్పే అభిప్రాయం. ఆ ధాతువు మనకు బాగా తెలిసిన దహ్. దహనం, దాహం, దగ్ధం అన్నీ దాని సంతానమే. మన కావ్యాల్లో వేసవికి వాడే నిదాఘమన్న మాట కూడా అదే కుటుంబానిది. బాల్టిక్ తీరపు పాత ప్రష్యన్ భాషలో వేసవిని దగిస్ అనేవారు. లిథువేనియన్‌లో కాలడాన్ని దెగ్తి అంటారు. ఎండ కాసే కాలమన్న అర్థం నుంచి వెలుతురుండే పూట అన్న అర్థానికి రావడం పెద్ద దూరం కాదు.

కాని దహ్‌లో ఉన్నది దకారం గదా, ధకారం కావాలని ఇప్పుడే అన్నారు గదా అని అడిగేవారికి సంస్కృత వ్యాకరణంలోనే సమాధానం ఉంది. దహ్ ధాతువుకు భవిష్యత్ కాలంలో రూపం ఏమిటో సంస్కృతం చదువుకొన్నవారిని అడగండి. ‘ధక్ష్యతి’ అంటారు. దహతి అన్నప్పుడు కనబడని ధకారం ధక్ష్యతి అన్నప్పుడు బయటపడుతుంది. దుహ్ ధాతువుకు ధోక్ష్యతి అని రావడం కూడా ఇలాగే. ఈ మార్పుకు పాణిని అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయంలో ప్రత్యేకంగా సూత్రం చేశాడు. చరిత్ర వైపు నుంచి చూస్తే, ఆ ధాతువు మొదట్లో రెండు మహాప్రాణాలతో ఉండేది. ఒకే ధాతువులో రెండు మహాప్రాణాలు వరుసగా ఉంటే మొదటిది అల్పప్రాణంగా తగ్గిపోవడం సంస్కృతానికి అలవాటు. రెండో మహాప్రాణం మరో కారణంతో పోయినచోట మొదటిది తగ్గకుండా నిలిచింది. ధక్ష్యతిలో కనిపించేది ఆ నిలిచిన ధకారమే. అందుచేత దహ్‌కూ దాగ్‌కూ మొదటి హల్లు సరిపోతుంది.

రెండో హల్లు సంగతికి వహ్ ధాతువు మంచి ఉదాహరణ. వాహనం, ప్రవాహం, వివాహం అన్న మాటల్లోని వహ్‌కు స్వీడిష్‌లో బంధువు వేగ్, అంటే దారి. ఇంగ్లీషులో అది గకారం కరిగిపోయి వే అయింది. వహ్, వేగ్, వే అన్న వరుస పక్కన దహ్, దాగ్, డే అన్న వరుసను పెడితే అమరిక ఎంత దగ్గరగా ఉన్నదో ఎవరికైనా తెలుస్తుంది. హంస స్వీడిష్‌లో గోస్ కావడంలోనూ మన హకారానికి ఎదురుగా గకారమే ఉంది.

అయినా దీన్ని అందరూ ఒప్పుకొన్న సిద్ధాంతంగా చెప్పడం న్యాయం కాదు. దహ్‌లోని మూలహల్లు వహ్‌లోని దానికన్నా కొద్దిగా వేరైనది, పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది. ఇంగ్లీషు స్నో వంటి మాటల్లో ఆ రకం హల్లు గకారంగా కాక వకారంగా తేలింది. దాగ్‌లో గకారం ఎలా నిలిచిందో అందువల్ల విడిగా వివరించవలసి వస్తుంది. కొందరు పండితులు అహస్సు వైపు చూశారు. అహర్నిశలు, సప్తాహం, మధ్యాహ్నం అన్న మాటల్లో మనం రోజూ వాడే ఆ అహన్ శబ్దానికి రోజు అనే అర్థం ముందే ఉంది గాని, దాని ముందు దకారం ఎక్కడి నుంచి వచ్చి చేరిందో సంతృప్తికరంగా చెప్పడం కష్టం. నాకు దహ్ పక్షమే బలంగా కనిపిస్తుంది. ఏ పక్షం తీసుకొన్నా దినానికి అందులో చోటు లేదన్న మాట మాత్రం మారదు.

ఇక సంస్కృతం ఐరోపా భాషలన్నిటికీ తల్లి అన్న అంశం. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగాన్ని ఈ వాదనకు మద్దతుగా చూపుతుంటారు. సంస్కృతం నిర్మాణాన్ని ఆయన గ్రీకు, లాటిన్ భాషలకన్నా మిన్నగా పొగిడిన మాట వాస్తవం. కాని ఆ ప్రసంగంలోనే ఆ మూడు భాషలూ ఇప్పుడు బహుశా మిగిలి లేని ఏదో ఒక ఉమ్మడి మూలం నుంచి పుట్టి ఉండాలని అన్నాడు. సంస్కృతం వాటిని కన్నదని ఆయన అనలేదు.

జోన్స్ మాటను పక్కన పెట్టినా, సంస్కృతమే తన లోపల దాచుకొన్న సాక్ష్యం ఒకటి ఉంది, దాన్ని తెలుగువారు ఇతరులకన్నా తేలికగా పట్టుకోగలరు. కన్నడంలో కెరె, మనకు చెరువు. కన్నడంలో కివి, మనకు చెవి. పాత కకారం ఇకార ఎకారాల ముందు తెలుగులో చకారమైంది. నాలుక ముందుకు జరిగే అచ్చు పక్కన ఉంటే కకారం మెత్తబడి చకారం కావడం చాలా భాషల్లో జరిగే పని. ఇప్పుడు సంస్కృతంలోని ‘పంచ’ను చూడండి. గ్రీకులో అది పెంతె, లిథువేనియన్‌లో పెంకి. లిథువేనియన్‌లో కకారం ఉన్నచోట సంస్కృతంలో చకారం ఉంది. సంస్కృతంలో ఆ చకారం పక్కన ఉన్నదేమో అకారం, అది కకారాన్ని మెత్తబరచే అచ్చు కాదు. మరి చకారం ఎలా వచ్చింది? గ్రీకులో ఇంకా వినబడుతున్న ఎకారం ఒకప్పుడు సంస్కృతపు పూర్వరూపంలోనూ ఉండేది. అది కకారాన్ని చకారంగా మార్చింది, తరువాత తానూ అకారమైపోయింది. ‘మరియు’ అన్న అర్థంలో వాడే ‘చ’కు లాటిన్ జోడు క్వె కావడానికీ ఇదే కారణం.

దీని అర్థం స్పష్టం. గ్రీకు, లాటిన్, లిథువేనియన్ భాషలు నిలుపుకొన్న ఎకారాన్ని సంస్కృతం పోగొట్టుకొన్నది. దహ్‌లో జర్మానిక్ వైపు వెళ్ళిన ధకారాన్ని దహతి అన్నప్పుడు పోగొట్టుకొన్నది. ఇతర భాషలు పోగొట్టుకొన్నవాటిని సంస్కృతం ఎన్నో కాపాడింది కూడా. తల్లి దగ్గర లేని సొమ్ము పిల్లలకు వారసత్వంగా రాదు. అందుకే ఈ భాషలు అక్కచెల్లెళ్ళు, వారిలో సంస్కృతం మనకు అతి పాత సాహిత్యాన్ని అందించిన అక్క. తెలుగు ఆ ఇంటి ఆడపడుచు కూడా కాదు. తమిళం, తెలుగు, కన్నడం వేరే కుటుంబానివని 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో నిరూపించాడు. దినం మనం సంస్కృతం నుంచి తెచ్చుకొన్న మాట. మన సొంత మాటలు పగలు, నాడు. రోజు ఫారసీ నుంచి వచ్చింది. వాదన చేసేవారు ‘మన దినం’ అన్నప్పుడు ఈ తేడా కూడా చెరిగిపోతున్నది.

చివరి అంశం పేర్లు. స్కాండినేవియా పేరును స్కందుడితో ముడిపెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఆ ప్రాంతాన్ని పేర్కొన్న రూపం స్కతినావియా, అందులో స్కంద శబ్దానికి కావలసిన మొదటి నకారమే లేదు, అది తరువాత చేరింది. స్వీడన్ దక్షిణ కొసలోని స్కోనె ప్రాంతం పేరూ ఆ మాటా ఒకటే. చివరి భాగానికి ద్వీపం, నీటి నడుమ నేల అని అర్థం.

దాగ్మార్ సంగతి ఇంకా స్పష్టం. ఆ పేరును డెన్మార్క్‌లో ప్రసిద్ధం చేసినది రాజు రెండో వాల్డెమార్ భార్య. నేటి చెక్ దేశంలోని బొహీమియా రాజకుమారి అయిన ఆమె 1205లో పెళ్ళి చేసుకొని డెన్మార్క్ వచ్చింది, 1212లో చనిపోయింది. ఆమె స్లావ్ పేరు ద్రాహోమీరా, అందులో ప్రియమైన అన్న అర్థమూ, శాంతి అన్న అర్థమూ ఉన్నాయి. నోరు తిరగని ఆ పేరును డెన్మార్క్ జనం తమకు అలవాటైన దాగ్ అన్న మాటతో కలిపి దాగ్మార్ చేసుకొన్నారన్నది ప్రచారంలో ఉన్న వివరణ. దినమణికి ఇందులో పాత్ర లేదు.

దాగ్ దినకరుడే అన్న మాట పాత నార్స్, అంటే పూర్వపు స్కాండినేవియా పురాణ కథలు తెలియకపోవడం వల్ల వచ్చింది. ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ సుమారు 1220 ప్రాంతంలో కూర్చిన ఎడ్డా అనే గ్రంథంలో పగటికి అధిదేవత పేరు దాగ్ర్. అతని తల్లి నోట్, అంటే రాత్రి, ఆమె నల్లనిది. తండ్రి దెల్లింగ్. కొడుకు తండ్రి వంక పోలికతో తెల్లగా మెరిసేవాడు. దేవతలకు పెద్ద అయిన ఓదిన్ తల్లికీ కొడుక్కీ చెరొక గుర్రాన్నీ చెరొక రథాన్నీ ఇచ్చి ఆకాశంలో తిరగమన్నాడు. రాత్రి గుర్రం హ్రీమ్‌ఫక్సి కళ్ళెం నుంచి రాలే నురగే తెల్లవారుజామున నేల మీద పడే మంచు. పగటి గుర్రం స్కిన్‌ఫక్సి జూలు నుంచి వచ్చే కాంతే భూమ్యాకాశాల వెలుగు. ఈ కథలో సూర్యుడు దాగ్ర్ కాదు. సూర్యుడికి వేరే కథ ఉంది. అక్కడ సూర్యుడు స్త్రీ, పేరు సోల్, చంద్రుడు మాని ఆమె సోదరుడు. ఆమె రథానికి ఆర్వక్, అల్‌స్విద్ అన్న వేరే గుర్రాలున్నాయి. మన సూర్య శబ్దానికి నిజమైన బంధువు ఈ సోల్ అన్న మాట. సూర్యుడి కోసం వెతికేవారు సోల్ దగ్గర ఆగాలి, దాగ్ర్‌ను ఆ పీఠం మీద కూర్చోబెట్టడానికి ఆ పురాణమే ఒప్పుకోదు.

మగవారి పేరుగా దాగ్ చాలా పాతది. స్నోరి రాసిన స్వీడన్ పురాతన రాజుల చరిత్రలో వివేకి అన్న బిరుదు గల దాగ్ అనే రాజు వస్తాడు. అతనికి పక్షుల భాష తెలుసు, దేశదేశాల కబుర్లు తెచ్చే ఒక పిచ్చుక అతని దగ్గర ఉండేది. పరాయి దేశంలో ఒక పల్లెటూరి మనిషి దాన్ని రాయి విసిరి చంపితే, పగ తీర్చుకోవడానికి సేనతో వెళ్ళిన రాజు తిరుగుదారిలో ఏరు దాటుతుండగా ఒక బానిస విసిరిన పంగల కర్ర తగిలి చచ్చిపోతాడు. ఇది చరిత్ర కాదు, కథ. ఆ పేరు ఎంత కాలంగా వాడుకలో ఉన్నదో మాత్రం ఇది చెబుతుంది. దాగ్ అన్న మాట వేరే మాటలతో కలిసి కూడా పేర్లయింది. దాగ్ఫిన్ మగపేరు, కొత్త పగలు అన్న అర్థంలో దాగ్ని ఆడపేరు. ఏడో శతాబ్దంలో ఫ్రాంకుల రాజు దాగోబెర్ట్ పేరుకు పగటిలా ప్రకాశించేవాడని అర్థం చెప్పవచ్చు. అతనిది స్కాండినేవియా కాదు, నేటి ఫ్రాన్సు వైపు. అంటే పేరులో దాగ్ చేర్చడం జర్మానిక్ తెగలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పాత అలవాటు, ఎక్కడ చూసినా దకారంతోనే కనిపిస్తుంది.

దాగ్ హామర్‌షోల్డ్ 1905లో పుట్టాడు. తండ్రి యాల్మార్ ఉప్సాలా ప్రాంతానికి గవర్నరు కావడంతో ఆయన బాల్యం ఉప్సాలా కోటలోనే గడిచింది, చదువు ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే సాగింది. ఉత్తర రొడీషియాలో, అంటే నేటి జాంబియాలో, 1961 సెప్టెంబరు 18న విమానం కూలి చనిపోయిన తరువాత ఆయనను ఖననం చేసినది కూడా ఉప్సాలాలోనే. ఆ కోట ఉన్న గుట్ట దిగువనే విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉంది. 1648లో ప్రాగ్ నుంచి స్వీడన్ సైన్యం తీసుకొచ్చిన వెండి అక్షరాల గోథిక్ బైబిలు 1669 నుంచి ఆ విశ్వవిద్యాలయానిదే. సిన్‌తీనన్, దగ అన్న రెండు మాటలూ వేరు వేరుగా రాసి ఉన్న ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది.